బొంత బొడ్డు మూసిన చెయ్యి

బొంత మొదలుపెట్టడం ఏమంత గొప్ప? నాలుగు పాత చీరలు, రెండు చినిగిన ధోతులు, నోరు మూతపడని నలుగురు ఆడవాళ్ళు ఉంటే చాలు. ముగించడమే జనానికి చేతకాదు. కట్టంగూరు దగ్గర రోడ్డు దిగి మూడు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే మా అత్తగారి ఊళ్ళో, ఏ ఇంటి అటక మీద చూసినా సగం కుట్టి చుట్టచుట్టి పడేసిన బొంత ఒకటి ఉండేది. అందరూ ఆరంభశూరులే. యాసంగి కోతలు అయిపోగానే ఉత్సాహం పొంగుకొచ్చేది. అరుగుల మీద చీరలు పరిచేవారు, చాయ్ తాగేవారు, నాలుగు వరసలు కుట్టేవారు. ఐదో వరసకు ఒకామెకు నడుం నొప్పి, ఇంకొకామెకు చుట్టాలొచ్చారని కబురు. వానలు పడేనాటికి బొంత అటకెక్కేది. చలికాలంలో గొంగడి కప్పుకొని వణుక్కుంటూ, "అయితే అయిపాయె, జరంతే మిగిలింది" అని చెప్పుకునేవారు. ఆ జరంత పదేళ్ళయినా జరంతే.

నేను ముగించేదాన్ని. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు చెప్పినా తప్పేం లేదు, ఎందుకంటే ఆ ఊళ్ళో ఎనభైలలో కప్పుకున్న బొంతల్లో సగం నా చేతి మీదుగా పూర్తయినవే. అయినా ఒక్క బొంతకు కూడా చివరి టాకా, అంటే కుట్టు, వెయ్యనివ్వలేదు నన్ను. ఎందుకో చెప్పాలంటే ముందు మా దగ్గర బొంత కుట్టే తీరు చెప్పాలి.

అడుగున గట్టి చీర, నడుమ ఇంట్లో పనికిరాని బట్టలన్నీ, పైన కాస్త రంగు మిగిలిన చీర. మూలలకు రాళ్ళు పెట్టి, నలుగురు నాలుగు మూలల దగ్గర కూర్చుంటారు. అంచు నుంచి మొదలుపెట్టి అందరూ ఒకే దిక్కుకు కుట్టుకుంటూ జరుగుతారు, గానుగెద్దు తిరిగినట్టు. ఒక చుట్టు అయ్యాక దాని లోపల ఇంకో చుట్టు. చుట్టుచుట్టుకూ చిన్నదవుతూ చివరికి నడిమధ్యలో అరచేయంత జాగా మిగులుతుంది. దాన్ని బొడ్డు అంటారు. అందులో ఐదు జొన్నగింజలు వేసి, ఉన్నవాళ్ళలో పెద్దామె కుడిచేత్తో టాకాలు వేసి మూసేస్తుంది. అప్పటికి బొంత అయినట్టు.

జొన్నలు ఎందుకంటే, కప్పుకున్నవాళ్ళ కడుపు నిండుగా ఉండాలనట. వాళ్ళ సంగతేమో గానీ ఎలుకల కడుపు మాత్రం నిండేది. ఏటేటా ఎలుకలు సరిగ్గా బొడ్డు దగ్గరే చిల్లు పెట్టేవి. ఏటేటా ఆడవాళ్ళు ఎలుకల ఏడు తరాలనూ తిట్టి, కొత్త బొంతలో మళ్ళీ ఐదు గింజలు వేసేవారు. ఆ రెంటినీ కలిపి ఆలోచించే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. నేను చెప్తే, "కొత్త కోడలు, నోరు జూడు దీనిది" అన్నారు. అప్పటి నుంచి చెప్పడం మానేశాను. తినండి, తినిపించండి, నాకేం పోయింది.

నాది ఆలేరు. ఎనభైల మొదట్లో పెళ్ళయి ఈ ఊరికి వచ్చాను. మా ఆయన నల్లగొండలో గుమాస్తా. వారమంతా అక్కడే గది కిరాయికి తీసుకొని ఉండి, ఆదివారం బస్సు దిగి వచ్చి, కోడికూర తిని, సోమవారం పొద్దున మళ్ళీ బస్సెక్కేవాడు. ఇంట్లో మిగిలేది నేనూ మా అత్తా. అత్త ముందు, నేను తర్వాత అనాలేమో.

మా అత్తది పాలమూరు దిక్కు. పదకొండేళ్ళకు పెళ్ళయి వచ్చిందట. మా ఊరి నీళ్ళు ముప్పై ఏళ్ళు తాగాక మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఆ నీళ్ళు తాగిన వాళ్ళెవరికైనా అంతే, కూర్చుంటే లేవరు, లేస్తే కూర్చోరు. అందుకని అరుగు మీద ఎత్తు పీట వేసుకొని కూర్చొని మా అందరి మీద పెత్తనం చేసేది. చేతివేళ్ళు మాత్రం బాగానే పనిచేసేవి. బొడ్డు మూసే పని ఎప్పుడూ ఆమెదే. ఊరందరి కుట్లకూ వంక పెట్టేది. "నేను పదేండ్లప్పుడే ఒక్కదాన్నే బొంత కుట్టిన. గిప్పటోళ్ళకు సూదిల దారం ఎక్కియ్య రాదు" అని రోజుకు రెండుసార్లన్నా అనకపోతే ఆమెకు అన్నం అరిగేది కాదు. ఆ పదేళ్ళప్పటి బొంతను ఎవరూ చూసింది లేదు. పాతబడితే ఇంకో పెద్ద బొంతలో పెట్టి కుట్టేసిందట. చూడని బొంత ఎంత బాగుంటుందో మీకు తెలుసు కదా.

నా మొదటి ఎండాకాలం. అరుగు మీద బొంత పరిచారు. నాకూ ఒక మూల చూపించారు. నేను సూది తీసుకొని ఎడమచేత్తో మొదటి టాకా వేశాను. అంతే. అందరి సూదులూ ఎక్కడివక్కడ ఆగాయి.

"గదేందే, పుర్రచెయ్యా?" అంది మా అత్త.

"అవు, అత్తమ్మా."

"పెండ్లిచూపులల్ల ఎవరు జూడలే?"

"చూపులకొచ్చినోళ్ళు నన్ను బొంత కుట్టమనలేదు, పాట పాడమన్నరు."

ఇంకేముంది. ఒకామె ముక్కున వేలేసుకుంది. ఇంకొకామె, పుర్రచేతి టాకా ఉన్న బొంత కప్పుకుంటే నిద్ర పట్టదంది. మూడో ఆమె, తన మేనత్త ఊళ్ళో ఎవరికో అలాగే పీడకలలు వచ్చి పిచ్చెక్కిందని, ఆ ఊరి పేరుతో సహా చెప్పింది. సగం బొంత అటక మీద పడేసుకున్న మొహాలు, పీడకలల గురించి మాట్లాడుతున్నాయి! అన్నం తినేది కుడిచేత్తోనే నేను, మా అవ్వ ఆ ఒక్కటీ నేర్పించింది. తక్కిన పనులకు నా చెయ్యి నా ఇష్టమని వదిలేసింది. బడిలో పంతులు కణుపుల మీద కొడితే మా అవ్వ వెళ్ళి, పలక మీద అక్షరం వంకర పోతే కొట్టు, చెయ్యి చూసి కొట్టకు అని వచ్చింది. ఆ అవ్వ మనవరాలిని నేను. లేచి వెళ్ళిపోదామని సూది గుచ్చి పెట్టాను.

అప్పుడు ఆ మూల నుంచి ఒకామె నవ్వింది. మా ఎదురింటి దర్జీ భార్య. సాయిబుల ఆడపడుచు. మొగుడు కత్తిరించగా మిగిలిన పీలికలన్నీ మూటగట్టి బొంతలకు తెచ్చేది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. "అరె, ఎందుకమ్మా లొల్లి? ఆమెను గా దిక్కు నుంచి రానియ్యిండ్రి. మనం ఇట్ల వోతం, ఆమె అట్ల వస్తది. జల్ది అయితది గద" అంది.

జల్దీ అనే మాట ఆ ఆరంభశూరులకు నచ్చింది. మా అత్త మూతి ముప్పై వంకర్లు తిప్పి, "బొడ్డు కాడికి మాత్రం రాకు" అంది. అలా మొదలైంది.

వాళ్ళందరూ ఒకే దిక్కుకు పోతారు కాబట్టి ఒకరికి ఇంకొకరి వీపే కనబడేది. నేను ఎదురు దిక్కు నుంచి వస్తాను కాబట్టి నాకు అందరి మొహాలూ కనబడేవి. చుట్టుకు రెండుసార్లు ప్రతి ఒక్కరికీ ఎదురుపడేదాన్ని. ఎదురుపడ్డప్పుడు ఒకరి చెయ్యి ఎత్తి ఇంకొకరి సూదిని పోనివ్వాలి, ఆ కాస్త సేపూ మాట్లాడుకోవచ్చు. ఎవరు ఏడ్చి వచ్చారో, ఎవరు ఆ పొద్దున ఏమీ తినకుండా వచ్చారో వీపులకేం తెలుస్తుంది? వెనకామె ముందామె మీద చాడీలు చెప్పేదే తప్ప, ఆమె మొహం చూసింది లేదు. ఎనిమిదేళ్ళు పక్కపక్కన కూర్చొని ఒకరి మొహం ఒకరు చూసుకోని స్నేహాలవి. వాటిని స్నేహాలనే అనుకునేవారు పాపం.

నాకు మాత్రం దర్జీ భార్య స్నేహం దొరికింది. ఆమె ఒక ముచ్చట మొదలుపెడితే రెండో వాక్యం కోసం అర చుట్టు ఆగాలి. మొదటి కాన్పులో పిల్లవాడు పోయిన సంగతి నాకు అలా రెండు చుట్లలో చెప్పింది. మొదటి ఎదురులో దవాఖానకు బండి కట్టారంది. రెండో ఎదురులో బండి ఇరుసు విరిగిందంది. మూడోసారి ఎదురుపడ్డప్పుడు ఏమీ చెప్పలేదు, నేను కూడా అడగలేదు. నాలుగోసారి, "మొగపోరడే ఉండె, చెల్లె" అంది. అలాంటి మనిషి. ఆమెకూ లోపాలు లేవని కాదు. తీసుకున్న సూది తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువేసుకునేది. నేను అక్కా అంటే ఆమె చెల్లె అనేది, ఇంకేం కావాలి.

ఇంకొక్కటి. కుడిచేతివాళ్ళ టాకా ఒక పక్కకు వాలుతుంది, పుర్రచేతి టాకా ఇంకో పక్కకు వాలుతుంది. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. మా అత్త ప్రతి బొంతలోనూ నా వరసల మీద వేలు పెట్టి, "ఇగో, ఎదురుగాలికి పండిన చేను లెక్క వడ్డయ్" అని నలుగురికీ చూపించేది. నలుగురూ నవ్వేవారు. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకతె. నాకు తోడికోడలు లేదు, ఊరంతా ఆ పని చేసిపెట్టేది.

ఇదంతా నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది నా కూతురికి నాలుగేళ్ళు నిండాక వచ్చింది.

బొగ్గు ముక్క దొరికితే చాలు, పెరటి గోడ మీద మేకలు గీసేది నా బిడ్డ. మేకకు నాలుగు కాళ్ళుంటాయని చెప్పినా వినేది కాదు, పరుగెత్తే మేకకు ఆరు కాళ్ళు వేసేది. గీసేది ఎడమచేత్తో. నేను చూసి మురిసిపోయాను. మా అత్త చూసి పీట మీద నుంచి లేచింది, ఆ మోకాళ్ళతో.

"మొక్కగున్నప్పుడే వంచాలె. వచ్చే జూన్‌ల బడికి వోతది. గా సారు కొట్టకముందే మనమే మార్పియ్యాలె."

మర్నాడు నేను చేనుకు పోయి పొద్దువాలే వేళకు తిరిగొచ్చేసరికి, బిడ్డ ఎడమచేతి మణికట్టుకు ఆకుపచ్చ పీలిక కట్టి, ఆ పీలికను లంగా నాడాకు ముడివేసి ఉంది. ముడి విప్పి అత్త ముందు పారేశాను.

"చిన్నపిల్ల చెయ్యి కట్టేస్తవా? నీకు మనసొప్పిందా, అత్తమ్మా?"

"గుడ్డతోనే గద కట్టిన. ఏం నొస్తది?" అంది ఆమె, పీలికను తీసి దుమ్ము దులిపి బొడ్డున దోపుకుంటూ.

నేను విప్పేదాన్ని, ఆమె కట్టేది. పొద్దున చేనుకు పోకపోతే కూలి మనుషులతో పని సాగదు, పోతే బిడ్డ ఆమె చేతిలో. ఆదివారం మా ఆయనకు చెప్పాను. కోడి తొడ చీకుతూ, "అమ్మకు తెలుస్తది గద" అన్నాడు. ఆ మనిషి చెయ్యి ఎత్తి పని చేసింది ఎప్పుడో నాకైతే గుర్తులేదు, కుడిదీ ఎడమదీ కూడా. అరుగు మీది ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. "మీ అత్త మంచికే చేస్తాంది" అన్నారు. ఒకామె, తన మరదలి పిల్లకు వేపాకు నూరి చేతికి పట్టిస్తే మారిందని మందు కూడా చెప్పింది. ఎప్పుడూ అంతే వాళ్ళు. బొంతకు లేని ఓపిక పక్కింటి పిల్ల చేతిని సరిచెయ్యడానికి ఎక్కడి నుంచో వచ్చేది.

మొదటి వారం బిడ్డ ఏడ్చింది. రెండో వారం ఏడవడం మానేసింది. నెల తిరిగేసరికి, పీలిక కట్టకముందే తనంతట తాను ఎడమ అరచేతిని తొడ కింద పెట్టుకొని, దాని మీద కూర్చోవడం మొదలుపెట్టింది. బొగ్గు ముక్క ఇస్తే కుడిచేత్తో తీసుకొని ఊరికే పట్టుకునేది. గోడ మీద ఒక్క కొత్త మేక లేదు.

"గియ్యవా, బిడ్డా?"

"నాకు రాదమ్మా."

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. బండ మీద బట్టలు బాదుతూ, ఎవరూ చూడకుండా, వెక్కివెక్కి ఏడ్చాను. జూన్‌కు ఇంకా రెండు నెలలుంది. ఇలాగే సాగితే అప్పటికి ఆ చెయ్యి ఉన్నా లేనట్టే. కుడిచెయ్యి రాదు, ఎడమచెయ్యి వద్దు, మరి నా బిడ్డ దేంతో బతుకుతుంది? నాకు వేరే కోరికేం లేదు. ఆ పీలిక మళ్ళీ కట్టకుండా ఆపాలి.

దర్జీ భార్యకు చెప్పుకున్నాను. ఆమె వెళ్ళి మా అత్తతో మంచిగా మాట్లాడింది. "పెద్దమ్మా, నా పెనిమిటి కాడ పని నేర్చుకున్న పిలగాడు ఒకడు పుర్రచెయ్యోడే. అచ్చంగ కత్తిరిస్తడు, జర సోంచాయించు" అంది. మా అత్త, "నువ్వు తెచ్చిన పీలికనే గద కట్టిన" అని నోరు మూయించింది. ఆమె మొహం చిన్నబుచ్చుకొని ఇంటికి వెళ్ళి, ఆ రోజు నుంచి మా ఇంటికి ఆకుపచ్చ పీలికలు తేవడం మానేసింది. ఇంకో రంగు పీలికతో కట్టరా ఏమిటి? అయినా ఆమె చేయగలిగింది ఆమె చేసింది.

ఆ ఎండాకాలమే మా అత్త మనవరాలి కోసం బొంత మొదలుపెట్టింది. బడికి పోయే పిల్లకు సొంత బొంత ఉండాలట. నడుమ పెట్టడానికి అటక మీది పాత బొంతను దించమంది. దించి చూస్తే, ఇంకేముంది, బొడ్డు దగ్గర పిడికిలి పట్టేంత చిల్లు. ఐదు జొన్నగింజల పుణ్యం. ఎలుకలు పై పొర, నడిమి పొర కొట్టేసి లోపలికి పోయాయి. ఆ కంపుతో అలాగే పెట్టి కుడితే బిడ్డకు దగ్గొస్తుందని, మొత్తం విప్పి ఉతకాలని దర్జీ భార్యతో అన్నాను. మా అత్త నిద్రలో ఉంది, మధ్యాహ్నం పూట. లేచి ఉంటే విప్పనిచ్చేదేనా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నేనూ దర్జీ భార్యా పెరట్లో కూర్చొని బ్లేడుతో టాకాలు తెంపాం. ఒక బొంతలో ఇంకో బొంత. అది విప్పితే దాని కడుపులో ఇంకోటి, చిన్నది, రెండు మూరల పొడుగు కూడా లేదు. ముదురు ఎరుపు బట్ట, మసిబట్ట లాగా వెలిసిపోయింది. చిన్నపిల్ల చేతి పని అని చూస్తేనే తెలుస్తోంది. వరసలు ఒకచోట దగ్గర, ఒకచోట దూరం. కానీ ఎంత ఓపికగా వేసిందో, అంచు నుంచి బొడ్డు దాకా ఎక్కడా వదిలిపెట్టలేదు.

దర్జీ భార్య దాన్ని ఒళ్ళో పరుచుకొని చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ చూసింది.

"చెల్లె, ఇది నువ్వు కుట్టిందే గద?"

"నేను పుట్టకముందుదక్కా అది. పొరల మీద పొరలు చూస్తలేవా?"

"మరి గీ టాకాలు నీ దిక్కు వాలినయేంది?"

నేను లాక్కొని చూశాను. నిజమే. ప్రతి టాకా నాది వాలినట్టే వాలింది. ఎదురుగాలికి పండిన చేను లాగా, బొంత ఈ చివర నుంచి ఆ చివర దాకా. పదేళ్ళప్పుడే ఒక్కదాన్నే బొంత కుట్టిన అని ఎనిమిదేళ్ళుగా చెవులు చిల్లులు పడేలా విన్న మాట ఒక్కసారి గుర్తొచ్చింది. ఆ బొంత ఇదే.

గురిగింజ తన నలుపెరగదంటారు. ఈమె ఎరిగీ దాచింది. ఎనిమిదేళ్ళు నా టాకాల మీద వేలు పెట్టి నవ్వించింది ఈ మనిషేనా? నా బిడ్డ చెయ్యి కట్టేసింది ఈ మనిషేనా? దర్జీ భార్య నా కొంగు పట్టుకొని, "వద్దు చెల్లె, గిప్పుడొద్దు, అందరున్నరు" అంటూనే ఉంది. అందరూ ఉండడమే కదా నాకు కావలసింది. అప్పటికే మా అత్త లేచి వచ్చి అరుగు మీద పీట వేసుకుంది. ఆడవాళ్ళు కొత్త బొంత కుట్టడానికి చేరారు. నా బిడ్డ స్తంభానికి ఆనుకొని, చెయ్యి కింద పెట్టుకొని కూర్చుంది. నేను వెళ్ళి ఆ ఎర్ర బొంతను మా అత్త ఒళ్ళో వేశాను.

"నీ పదేండ్ల బొంత దొరికిందత్తమ్మా. చూపియ్యి అందరికి. టాకాలు ఏ దిక్కు వాలినయో జర చెప్పు."

ఆమె బొంత మీద చెయ్యి పెట్టింది. చూసిన ఆడవాళ్ళకు అర్థమయ్యాక ఒకామె కిసుక్కుమంది. అక్కడితో ఆగొచ్చు నేను. ఆగలేదు. సూదిలో దారం ఎక్కించి ఆమె ఎడమచేతిలో పెట్టాను.

"కుట్టు మరి. ఒక్క టాకా. చూస్తం."

ఆమె సూది పట్టుకుంది. బొంత మీదికి వంగింది. ఆ చెయ్యి బట్ట మీద గాల్లో అటు జరిగింది, ఇటు జరిగింది, ఎక్కడ గుచ్చాలో తెలియక ఆగింది. వేళ్ళు సూదిని సరిగ్గా పట్టుకోలేకపోయాయి. సూది జారి పడింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ జారింది.

"కీళ్ళు వట్టినయ్" అంది, మా ఎవరి వంకా చూడకుండా. అని, అదే సూదిని కుడిచేత్తో ఠక్కున తీసి రవికకు గుచ్చుకుంది. అవే నీళ్ళు తాగిన కీళ్ళు, ఆ చేతికి పట్టలేదు మరి.

నాకు గెలిచిన సంతోషం రావాలి. రాలేదు. సిగ్గేసింది. అరుగు మీద ఎవరూ నవ్వడం లేదు.

నా బిడ్డ తొడ కింది చెయ్యి తీసి, లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. "అవ్వా, నీ చెయ్యి గూడ కట్టేసిండ్రా?"

"కట్టలే, బిడ్డా" అంది మా అత్త. "వాత వెట్టిండ్రు."

ఆమె ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చ ఉండేది. పెనం తగిలిందని చెప్పేది, మేం నమ్మాం. "పెండ్లి కుదిరినంక. ఆళ్ళకు ఎరుకైతే పెండ్లి ఆగుతదని మా అమ్మ వెట్టింది. ఏడ్సుకుంటనే వెట్టింది" అంది. తర్వాత నా వైపు చూసి, "నేను గుడ్డతోనే గద కట్టిన" అంది మళ్ళీ.

ఆ మాట అప్పటికి ఎన్నోసార్లు విన్నాను, ప్రతిసారీ పళ్ళు కొరికాను. ఆమె తన మనసులో మనవరాలికి ఎంత మేలు చేస్తున్నాననుకుంటుందో ఆ రోజు తెలిసింది. దర్జీ భార్య వచ్చి ఎర్ర బొంతను మడిచి, కొత్త బొంత నడుమ పెట్టి, "రాండ్రి, రాండ్రి, ఇది సగంల వదిలితే మళ్ళ వానకాలమే" అని అందరినీ కూర్చోబెట్టింది.

ఆ బొంత మూడు రోజుల్లో అయిపోయింది. ఆ ఊళ్ళో అంత త్వరగా ముగిసిన బొంత అదొక్కటే. ఎవరికీ నడుం నొప్పి రాలేదు, ఎవరింటికీ చుట్టాలు రాలేదు. పీలిక మాట ఎవరూ ఎత్తలేదు. అది మా అత్త బొడ్డున లేదని మాత్రం రెండో రోజు గమనించాను. ఎక్కడుందని అడిగితే, "నడుమ వెట్టి కుట్టేసిన" అంది.

మూడో రోజు బొడ్డు మిగిలింది. పెద్దామె మా అత్తే కాబట్టి అందరం ఆమె కోసం ఆగాం. ఆమె జొన్నగింజలు వేసింది, వెయ్యకుండా ఉంటుందా! వేసి, సూదిని మనవరాలికి ఇచ్చింది. బిడ్డ కుడిచెయ్యి చాపింది. "ఆ చెయ్యి గాదు" అంది మా అత్త.

ఒకామె మూతి తిప్పింది. "పసిది, అదిన్నీ పుర్రచెయ్యి, బొడ్డు మూసుడేంది వదినా?"

"నీ అటక మీద బొంత ఎన్నేండ్ల సంది ఉన్నదే?" అంది మా అత్త. "గది ముగిచ్చి వచ్చి మాట్లాడు." ఆమె మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

నా బిడ్డ నాలుక బయటపెట్టి, ఎడమచేత్తో ఎనిమిది టాకాలు వేసింది. ఎనిమిది ఎనిమిది దిక్కులకు పోయాయి, పరుగెత్తే మేక కాళ్ళలాగా. బొడ్డు మూసుకున్నట్టే ఉంది, మూసుకోనట్టే ఉంది. ముగింపు పని చేతకానివాళ్ళను నేను సహించలేను, అది నా జబ్బు. బిడ్డ అటు పోగానే నోరు ఊరుకోక, "ఇవి విప్పి సరిగ్గ వేస్త అత్తమ్మా, రెండు నిమిషాల పని" అని బ్లేడు తీసుకొని వంగాను.

మా అత్త నా చెయ్యి మీద చెళ్ళున ఒకటి కొట్టింది.

"ముట్టుకున్నవంటే చెయ్యి ఇరుగుతది."

గట్టిగానే తగిలింది. పక్కనున్న దర్జీ భార్య కూడా ఉలిక్కిపడింది. తాను ఏ చేత్తో కొట్టిందో మా అత్త చూసుకోలేదు, అప్పటికే మనవరాలిని పిలుస్తోంది. మేమిద్దరం చూశాం. ఎడమచెయ్యి.